రాతి పెద్దాయన కాళ్ళ దగ్గర ఎరుపు

మొన్న మన సంఘం వనభోజనాల్లో ఒక కుర్రాడు పులిహోర ప్లేటు పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. డబ్లిన్ దగ్గర నేస్‌లో ఉంటాడట, క్లౌడ్ ఉద్యోగమట. "అంకుల్, రిటైర్ కాకముందు మీరేం చేసేవారు?" అని అడిగాడు. "రాళ్ళకు కాపలా కాసేవాణ్ణి" అన్నాను. ఫక్కున నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. మబ్బులకు కాపలా కాసేవాడు రాళ్ళకు కాపలా కాసినవాణ్ణి చూసి నవ్వడమా! అక్కడే సమాధానం చెబుదామనుకున్నాను గానీ, అప్పటికే లేచి బజ్జీల వైపు వెళ్ళిపోయాడు. అందుకని ఇక్కడ, మన సంఘం పత్రికలో రాస్తున్నాను. వాడు చదవడని తెలుసు. మీలో ఒక్కరైనా చదివి వాడికి చెబుతారని ఆశ.

నా బడిచదువు పదో తరగతి దగ్గర ఆగింది. ఆ తర్వాతదంతా లైబ్రరీల్లో, వాళ్ళు తాళాలు గలగలలాడించేదాకా కదలకుండా కూర్చుని, నాకు నేను చదువుకున్నదే. ఒంగోలు దగ్గర గ్రానైట్ క్వారీలో చాలా ఏళ్ళు పనిచేశాను. మా ఆవిడ నర్సు. ఆవిడకు ఐర్లండ్‌లో ఉద్యోగం వచ్చింది, ముందు లెటర్‌కెన్నీ ఆస్పత్రిలో, తర్వాత అత్లోన్‌లో. ఆవిడ వీసా వెనకాల నేను వచ్చాను. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ మనవాళ్ళ పార్టీల్లో "మీరేం చేస్తారండీ?" అని అడిగినవాళ్ళు, నేను జవాబు చెప్పేలోపే నా భుజం మీదుగా ఇంకొకరిని వెతుక్కునేవారు. ఆ చూపులు నేను మరిచిపోలేదు. ఎవరెవరివో కూడా మరిచిపోలేదు.

చివరికి అత్లోన్ నుంచి బస్సు దూరంలో ఉన్న ఒక ఊళ్ళో, చిన్న మ్యూజియంలో అటెండెంట్‌గా కుదిరాను. ఊరి పేరు రాయను. అటెండెంట్ పనంటే గదిలో మూల నిలబడడం, ఎవరూ దేన్నీ ముట్టుకోకుండా చూడడం, టాయిలెట్ ఎటో చెప్పడం. మూడో పనే ఎక్కువ. నాతోపాటు అదే గదిలో ఒక ఐరిష్ ఆయన ఉండేవాడు. నాకంటే కాస్త పెద్ద. అంతకుముందు బోగ్ అనే చిత్తడి నేలల్లో, పొయ్యిలోకి వాడే పీట్ మట్టి తవ్వే యంత్రం నడిపేవాడు. ఆ పని మూతపడ్డాక ఇక్కడికి వచ్చాడు. ఆయన నోట ఏ ఆపదకైనా ఒకటే మాట, 'పర్లేదు' అన్న అర్థంలో: "గ్రాండ్." పైకప్పు కారినా గ్రాండే, టీలో పాలు విరిగినా గ్రాండే. మొదట్లో నాకు చిరాకేసేది. కోపం రావలసిన చోట రాని మనిషిని నేను నమ్మను. కానీ ఆయన్ని నమ్మక తప్పలేదు, ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది.

ఒక వేసవిలో మా మ్యూజియానికి మెక్సికో రాతి మనుషులు వచ్చారు. ఏదో దూరదేశపు సేకరణ నుంచి అరువు. మెక్సికోలో తూర్పున సముద్రం వైపు హువాస్తెక్ అనే జనం ఉన్నారు; వాళ్ళ పూర్వీకులు, స్పానిష్ వాళ్ళు అక్కడ కాలుపెట్టక ముందు, ఇసుకరాతిలో చెక్కిన బొమ్మలివి. పొట్ట మీద రెండు చేతులూ ఆనించుకుని, తల వెనక విసనకర్రలాంటి అలంకారంతో నిటారుగా నిలబడ్డ ఆడవాళ్ళు. వాళ్ళ మధ్యలో ఒక ముసలాయన. నడుం వంగిపోయింది. ముఖమంతా ముడతలు. రెండు చేతులతో ఒక కర్రను నేలకు పొడిచి, దాని మీద బరువంతా వేసి నిలబడ్డాడు.

ఆయన ఎవరన్నదాని మీద పండితుల్లోనే ఏకాభిప్రాయం లేదు. ఉరుముల దేవుడని కొందరు, భూమిని కనిపెట్టుకుని ఉండే తాత అని కొందరు, విత్తనం వేయడానికి కర్రతో నేలలో గుంట చేస్తున్న రైతు అని కొందరు. లైబ్రరీలో దొరికిన పుస్తకాలన్నీ తిరగేసి నేను రైతు పక్షం చేరాను. ఆ ప్రదర్శన బాధ్యత చూసే క్యూరేటర్ అమ్మాయి డాక్టరేట్ చేసి వచ్చింది, కాంట్రాక్టు ఉద్యోగం, సొంతంగా పెట్టిన మొదటి ప్రదర్శన. "రైతైనా కావచ్చు, దేవుడైనా కావచ్చు, రెండూ ఒకేసారి కావచ్చు" అంది. ఆ జవాబు నాకు నచ్చలేదు. మనిషన్నాక ఏదో ఒక పక్షం ఉండాలి కదా.

నాకు ఒక బాధ ఉండేది. మనవాళ్ళు శనివారం వస్తే అవుట్‌లెట్ దుకాణాలకు బారులు తీరతారు. మ్యూజియం తలుపు తోసినవాడు ఒక్కడూ లేడు, టికెట్ లేకపోయినా సరే. నేనే పూనుకుని అత్లోన్ చుట్టుపక్కల కుటుంబాలన్నిటినీ ఒక ఆదివారం రమ్మన్నాను. చూడవచ్చిన అమ్మానాన్నలను, అత్తమామలను కూడా తీసుకురమ్మన్నాను. గుంపుగా వస్తే జాగ్రత్త కష్టమని ఆ అమ్మాయి కాస్త వెనకాడింది. "మావాళ్ళు ఒక్కరూ చెయ్యి వేయరు. నాదీ పూచీ" అన్నాను. గుండె మీద చెయ్యి వేసుకుని మరీ అన్నాను.

ముందురోజు మా ఐరిష్ ఆయన, పెద్దవాళ్ళు బొమ్మల కింది దిమ్మె అంచు తగిలి పడకుండా, ఒక లైటును బాగా కిందికి దించి నేల వైపు తిప్పాడు. మంచి ఆలోచన అని నేనే మెచ్చుకున్నాను.

ఆదివారం నలభై యాభైమంది వచ్చారు. పట్టుచీరలు, పెర్‌ఫ్యూములు, ఫోటోలు. దేన్నీ ముట్టుకోవద్దని ముందే చెప్పి, నేను ఒంగోలు గొంతుతో ఉపన్యాసం మొదలుపెట్టాను. విన్నవాళ్ళు తక్కువ, "అంకుల్, ఇక్కడ సెల్ఫీ ఓకేనా?" అన్నవాళ్ళు ఎక్కువ. ఆ సందడిలో ఒకావిడ మాత్రం ముసలాయన ముందు కదలకుండా నిలబడింది. నల్లగొండ వైపు మనిషి. కూతురి కాన్పుకు వచ్చింది. కూతురు, అల్లుడు ఇద్దరూ అత్లోన్‌లో మందుల కంపెనీలో పనిచేస్తారు. చూస్తుండగానే ఆవిడ వంగింది. చెయ్యి రాతి పాదాల దాకా వెళ్ళింది. మళ్ళీ కళ్ళ దాకా వచ్చింది. నేను నోరు తెరిచేలోపు ఎవరో పిల్లవాడు ఇంకో దిమ్మె ఎక్కబోయాడు, అటు పరుగెత్తాను.

మర్నాడు సెలవు, తలుపులు మూసి ఉన్నాయి. నేనూ, మా ఐరిష్ ఆయనా, ఆ అమ్మాయీ గది సర్దుతున్నాం. ముసలాయన కర్ర నేలకు ఆనే చోట, రెండు పాదాల సందులో, ఎర్రగా కనిపించింది. రాతి గరుకులో ఇంకినట్టు, సన్నగా. అంతకుముందు ఎన్ని వారాలు చూశానో ఆ చోటు. ఎప్పుడూ లేదు.

"కుంకుమ!" అన్నాను.

ఎవరూ అడగలేదు. నేనే అన్నాను. అనడమే కాదు, ఆ అమ్మాయి "అంటే ఏమిటి?" అనగానే విషయం తెలిసినవాడి ఉత్సాహంతో చెప్పుకుపోయాను. పసుపుతో చేస్తారనీ, సున్నం కలిస్తే ఎర్రబడుతుందనీ, దేవుడికి పెడతారనీ, ఆడవాళ్ళు చిన్న భరిణెలో వెంట తెచ్చుకుంటారనీ. పూర్తయ్యేసరికి ఆ అమ్మాయి ముఖంలో రక్తం లేదు.

"ఆ రంగు రాతిలోకి దిగుతుందా?"

"దిగుతుంది" అన్నాను. క్వారీలో పనిచేసినవాణ్ణి కదా, రాయి గురించి నాకు తెలియనిదేముంది!

ఆ అమ్మాయి కుర్చీ లాక్కుని కూర్చుని తన ఇరకాటం చెప్పింది. తప్పు ఎలా జరిగిందో, ఏ పొడితో, ఎవరి చేతి మీదుగా జరిగిందో నిజం చెబితే అరువిచ్చినవాళ్ళు క్షమించవచ్చు. తెలియదంటే మాత్రం బొమ్మలన్నీ వెనక్కి పిలిపిస్తారు. ఆ తర్వాత తనను ఎవరూ ఏ ప్రదర్శనకూ నమ్మరు. రాతి బొమ్మలకు వైద్యం చేసే నిపుణురాలు మర్నాడు డబ్లిన్ నుంచి రైల్లో వస్తుంది. ఈలోపు... "ఎవరో మీకు తెలుసా?"

తెలుసు. నా కళ్ళతో చూశాను.

"కనుక్కుని రేపు చెబుతాను" అన్నాను. తడిగుడ్డతో తుడిచేస్తే పోతుంది కదా అని కూడా ఒక మాట విసిరాను. మా ఐరిష్ ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. గట్టిగానే పట్టుకున్నాడు. "వద్దు. ఈ ముసలాయన ఇన్నాళ్ళు ఆగాడు, రేపటిదాకా ఆగుతాడు. గ్రాండ్" అన్నాడు.

మధ్యాహ్నం ఆ నల్లగొండ ఆవిడ కూతురి ఇంటికి వెళ్ళాను. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండే ఇళ్ళ ఎస్టేట్. తలుపు తీసిన అల్లుడు నా ముఖం చూసి విషయం అడిగాడు. చెప్పేసరికి తలుపు సగం మూసి నా ఎదురుగా బయటికొచ్చి నిలబడ్డాడు.

"అంకుల్, ప్లీజ్. మా సిటిజన్‌షిప్ ప్రాసెస్‌ల ఉంది. ఇది పోలీసుల దాంక పోతే, క్యారెక్టర్ చెక్‌ల ఏమైతదో ఎవరికి తెలుసు? యాభైమంది వచ్చిన్రు గద. ఎవరో తెల్వదని చెప్పేయండి."

"ఆ పిల్ల ఉద్యోగం పోతుంది నాయనా."

"మాది పోతే?"

అంత ఇరుకులో నేనెప్పుడూ పడలేదు. పేరు చెబితే పాలుతాగే బిడ్డ ఉన్న ఇంటి మీద మన్ను పోసినవాణ్ణి అవుతాను. చెప్పకపోతే, నా మాట నమ్మి తలుపు తెరిచిన పిల్లను ముంచినవాణ్ణి అవుతాను.

లోపలి నుంచి ఆవిడ గొంతు వినిపించింది. "ఎవలు? నిన్నటి తమ్మినా? బయట నిలవెట్టి మాట్లాడుతున్నవేంది అల్లుడా, లోపలికి రానియ్యి."

ఒళ్ళో పసిదాన్ని పడుకోబెట్టుకుని సోఫాలో కూర్చుంది. అల్లుడు వద్దని కళ్ళతో సైగ చేస్తూనే ఉన్నాడు. నేను చెప్పేశాను.

"మొక్కిన" అంది, ఏమాత్రం తడుముకోకుండా. "కాళ్లు మొక్కిన. ముట్టద్దని నువ్వు చెప్పినవ్, నాకు యాదికున్నది. కానీ గట్ల నడుమొంగి కట్టె వట్టుకుని నిలవడ్డడు. మా మామ ఆఖరి దినాలల్ల గట్లనే నిలవడేటోడు, చెల్క గట్టున. చెయ్యి ఆగలె. తప్పే."

"మరి కుంకుమ అక్కా?"

ఆవిడ నన్ను చూసింది.

"తమ్మీ, నా మొకం సక్కగ చూసినవా?"

అప్పుడు చూశాను. నుదురు బోసిగా ఉంది. మెడలో నల్లపూసలు లేవు. ఆదివారమంతా నా ఎదురుగానే తిరిగింది. నేను చెయ్యి చూశాను, పాదాలు చూశాను, ముఖం చూడలేదు.

"ఆయన పోయినంక మా దిక్కు పెండ్లిల్ల కుంకుమ పళ్లెం నా ముందటికెల్లి పక్కకు జరుపుతరు. ముట్టనియ్యరు. నువ్వేమో సముద్రాలు దాటొచ్చి, నేను రాయికి పెట్టిన్నంటవ్. భరిణె నా దగ్గరేడుంటది తమ్మీ?"

అల్లుడు తల దించుకున్నాడు. ఆవిడే మళ్ళీ అంది: "గా పిల్లకు పనివోతదా? పా, రేపు నేనే వచ్చి చెప్త. ముట్టింది నేను, చెప్పేది నేను."

"అత్తమ్మా, ఎందుకీ లొల్లి..."

"నువ్వు బిడ్డకు పాలపీక కడుగుపో" అంది.

మర్నాడు అల్లుడే కారులో దించాడు; తను మాత్రం లోపలికి రాలేదు. ఆవిడ కాటన్ చీర మీద కూతురి పెద్ద కోటు వేసుకుని గదిలోకి వచ్చింది. డబ్లిన్ నిపుణురాలు అప్పటికే నేల మీద బోర్లా పడుకుని, కంటికి భూతద్దం బిగించుకుని, ముసలాయన పాదాల సందులోకి చూస్తోంది. క్యూరేటర్ అమ్మాయి గోళ్ళు కొరుక్కుంటోంది. ఆవిడ ఎవరి కోసమూ ఆగలేదు, తెలుగులో మొదలుపెట్టింది. నేను ఇంగ్లీషులో చెప్పుకుంటూ వచ్చాను. పాదాలు ముట్టుకున్నది తనేననీ, తన దగ్గర ఏ పొడీ లేదనీ, ఎందుకు లేదో కూడా. ఆ చివరి మాట ఇంగ్లీషులోకి తిప్పడం కష్టమైంది. వితంతువు అంటే వాళ్ళకు తెలుసు. పళ్ళెం పక్కకు జరపడం మాత్రం మాటల్లో కుదరక చేత్తో జరిపి చూపించాను.

నిపుణురాలు లేచి దుమ్ము దులుపుకుంది. "ఈవిడే కాదు, ఎవరూ పెట్టలేదు" అంది. "రండి, చూడండి." ఒక్కొక్కరం భూతద్దంలోంచి చూశాం. రాయి మీద ఎరుపు. ఆ ఎరుపు మీద సన్నటి తెల్లని పొర, పాత బిందెకు ఉప్పునీళ్ళ చార పట్టినట్టు. "ఈ తెలుపు బొమ్మ మట్టిలో పూడి ఉన్న కాలంలో పట్టింది. ఎరుపు దాని కింద ఉంది. మొన్న పెట్టింది దాని కిందికి ఎలా వెళుతుంది? ఇది చెక్కినవాళ్ళు వేసిన రంగు. ఇంతకాలం పై నుంచి వెలుతురు పడి నీడలో ఉండిపోయింది. లైటు ఎవరు దించారు?"

మా ఐరిష్ ఆయన చెయ్యెత్తాడు. బళ్ళో పిల్లవాడిలా. నిన్న నా తడిగుడ్డను ఆపింది కూడా ఆ చెయ్యే.

క్యూరేటర్ అమ్మాయి ఏడ్చింది, నవ్వింది, వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఏదేదో అంది.

"ఏమంటున్నది తమ్మీ?" అని ఆవిడ నన్నడిగింది.

"సారీ చెబుతోంది అక్కా."

"ఆమెకెందుకు సారీ? కుంకుమన్నది నువ్వు గద."

గదిలో తెలుగు వచ్చినవాళ్ళం ఇద్దరమే కాబట్టి ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. నేనూ అనువదించలేదు. చేతులు జోడించాను. ఆవిడ పట్టించుకోకుండా మళ్ళీ రాతి పాదాల వైపు తిరిగి, "అయితే ఎన్నడో ఎవలో ఈనకు బొట్టు వెట్టిన్రన్నట్టు" అంది.

"బొట్టు కాదక్కా, రంగు. వాళ్ళ ఆచారం వేరు. పుస్తకాల్లో..."

"నీకు సదువు ఎక్కువైంది తమ్మీ" అని కోటు సర్దుకుంది.

పిల్లలూ, ఇందులో నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వనిది ఒకటుంది. ఈ దేశంలో దుకాణంలో ఎవరైనా నా వెనకే రెండడుగులు వేస్తే, బస్సులో నా పక్క సీటు ఖాళీగా మిగిలితే, లోపల్లోపల కుతకుతలాడిపోయేవాణ్ణి. అనుమానిస్తున్నారు, మనల్ని అనుమానిస్తున్నారు అని. తీరా ఆ సోమవారం మనవాళ్ళను అనుమానించింది ఎవరు? ఆ అమ్మాయికి కుంకుమ అన్న మాటే తెలియదు. మా ఐరిష్ ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. ఎర్రగా కనబడగానే తీర్పు చెప్పేసి, ఆ తీర్పుకు సాక్ష్యంగా ఉపన్యాసం కూడా ఇచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. కోపం మంచిదే. నాకు అన్నం పెట్టింది, లైబ్రరీకి తోలింది. అయితే అప్పుడప్పుడు దాన్ని కూడా తలుపు దగ్గర నిలబెట్టి, ఎటు వెళుతున్నావని అడగాలి.

అక్కడితో నా కోపం చల్లారిందనుకోకండి. ఆ వారమే క్యూరేటర్ అమ్మాయి, పాపం మంచి మనసుతోనే, నా దగ్గరికి వచ్చింది. "ముట్టుకోవద్దని మీ భాషలో ఒక బోర్డు రాసిస్తారా? మీవాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు ఇబ్బంది లేకుండా." నా నెత్తిన నిప్పులు పోసినట్టయింది. ఐరిష్ పిల్లలు ఆ ఆడబొమ్మల ముక్కులు ఎన్నిసార్లు పట్టుకున్నారో, వాళ్ళ తల్లులు నవ్వుతూ ఎన్ని ఫోటోలు తీశారో నాకు తెలుసు. బోర్డు మాత్రం తెలుగులో!

"రాస్తాను" అన్నాను. "కానీ నేను ఏం రాస్తే అదే మాట ఇంగ్లీషులోనూ, ఐరిష్‌లోనూ పక్కనే ఉండాలి. ఒక్క అక్షరం మార్చకుండా. లేదంటే రాయను."

ఆ అమ్మాయి నా ముఖంలోకి చూసి, ఎర్రబడి, "నిజమే, మీరన్నట్టే చేద్దాం" అంది. అంత త్వరగా ఒప్పుకుంటుందని అనుకోలేదు. పోట్లాటకు ఇంకా చాలా సరుకు సిద్ధం చేసుకుని ఉన్నాను.

మధ్యాహ్నం టీ దగ్గర కూర్చుని రాశాను: "ఈ పెద్దాయనకు దణ్ణం దూరం నుంచే పెట్టండి." అర్థం చెప్పాను. మా ఐరిష్ ఆయన చాలాసేపు పెన్ను నోట్లో పెట్టుకుని, బళ్ళో దెబ్బలు తిని నేర్చుకున్న తన ఐరిష్‌లోకి మార్చాడు. చదివి వినిపించమంటే సిగ్గుపడ్డాడు. "బాగా వచ్చిందా?" అన్నాను. "గ్రాండ్" అన్నాడు. ఆ ఒక్కసారి మాత్రం ఆ మాటకు దాని అసలు అర్థమే ఉందనిపించింది.

బోర్డు పెట్టాక జరిగినది నేను ఊహించలేదు. ముట్టుకోవద్దన్నప్పుడు ముట్టుకున్నవాళ్ళు, దణ్ణం పెట్టమనేసరికి ఆగిపోయారు. ఎలా పెట్టాలో తెలియక కొందరు తల ఊపేవారు. ఒక ముసలి రైతు, పశువుల సంత నుంచి సరాసరి వచ్చినట్టున్నాడు, బూట్లకు పేడ ఇంకా ఆరలేదు. బోర్డు చదివాడు. వంగిన నడుమునూ, కర్రనూ తీరిగ్గా చూశాడు. తర్వాత కుడిచేతి చూపుడువేలు ఒక్కటి పైకెత్తాడు. పల్లె రోడ్ల మీద కార్లు ఎదురుపడినప్పుడు వాళ్ళు స్టీరింగ్ మీద నుంచి ఎత్తుతారే, అట్లా. ఎరిగినవాణ్ణి పలకరించినట్టు. పలకరించి వెళ్ళిపోయాడు. రైతు పక్షానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

నల్లగొండ అక్క ఇండియా వెళ్ళేముందు మనవరాలిని ఎత్తుకుని వచ్చింది. బోర్డు కూడబలుక్కుంటూ చదివింది. నా వైపు చూడకుండానే, "ఇది మంచిగ రాసినవ్" అంది. దూరం నుంచే మొక్కింది. పిల్ల చేతులు కూడా కలిపి మొక్కించింది.

ప్రదర్శన ముగిసి పెట్టెలు వచ్చిన రోజున, బొమ్మలు ఎత్తడానికి సాయం పట్టమని మా ఇద్దరికీ తెల్లని చేతి తొడుగులు ఇచ్చారు. ఆ వేసవి మొత్తంలో ఆయన్ని ముట్టుకోవడానికి నాకు దొరికిన అనుమతి అదొక్కటే. మా ఐరిష్ ఆయన ముందుకు వెళ్ళి, భుజాల కింద చెయ్యివేసి, నెమ్మదిగా పడుకోబెట్టాడు. కర్ర వైపు పట్టమని నన్ను పిలిచాడు.

ఇంకెవరినైనా పట్టమన్నాను. మూత వేసేదాకా అవతలి గోడ దగ్గర నిలబడి, తొడుగులు తీసేసి, అక్కడి నుంచే దణ్ణం పెట్టాను. బోర్డు రాసింది నేనే కదా.